పదకొండో షరతు

ఆ షరతు పెట్టించింది ఆమే. తర్వాత ఎవరి మీద విసుక్కున్నా, ఎవరిని తిట్టుకున్నా, చివరికి వచ్చి ఆ మాట దగ్గర నోరు మూసుకోవలసి వచ్చేది.

నాలుగేళ్ళ కిందట విడాకుల కాగితాలు రాసుకునేటప్పుడు, పిల్ల ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉండాలన్న దాంట్లో ఇద్దరికీ పేచీ రాలేదు. శుక్రవారం పొద్దున ఒకరు స్కూల్లో దింపుతారు, సాయంత్రం రెండోవారు తీసుకెళ్తారు. సెలవులు చెరిసగం. పది షరతులు అరగంటలో తేలిపోయాయి. పదకొండోది మాత్రం ఆమె పట్టుబట్టి రాయించింది. రెండోవారి రాతపూర్వక అంగీకారం గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా ఇద్దరిలో ఎవరూ పిల్లను రాష్ట్రం దాటించి కాపురం పెట్టకూడదు. అప్పట్లో ఆయనకు పక్క రాష్ట్రం నుంచి ఏదో కంపెనీ పిలుపు వచ్చిందని ఎవరో చెప్పారు. ఐదేళ్ళ పిల్లను తీసుకుని వెళ్ళిపోతాడేమోనని ఆమె భయపడింది. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత సంతకం పెట్టాడు. ఆ పిలుపు ఏమైందో ఆమె మళ్ళీ అడగలేదు.

ఆమె పని పళ్ళు చేయడం. డెంటిస్టులు అచ్చు తీసి పంపిన పళ్ళకు ల్యాబులో పింగాణీ తొడుగులు తయారుచేస్తుంది. పింగాణీ పొడిని తడిపి సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి, మళ్ళీ పొర వేసి, పక్క పంటికీ దీనికీ తేడా తెలియకుండా చేయడం ఆమె చేతిలో విద్య. రంగు పట్టడంలో ఆమెను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. డాక్టర్లు నమూనా పళ్ళ వరసతో పోల్చి ఏదో ఒక షేడ్ నంబరు రాసి పంపితే, ఫొటోను కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, ఈ పెద్దమనిషి సిగరెట్లు మానేసి రెండేళ్ళయి ఉంటుంది, ఈ నంబరు పెడితే పన్ను ఒక్కటే బడాయికి పోయినట్టుంటుంది అనేది. ల్యాబులో అందరూ ఆమెను షేడక్క అనేవారు.

ఆ ల్యాబులోకి ఒక మిషన్ వచ్చింది. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే తెల్లటి దిమ్మలోంచి పన్ను చెక్కి పడేస్తుంది. అది పొర మీద పొర వేయదు. సిగరెట్లు మానేసిన సంగతి దానికి పట్టదు. కానీ రేపటికి కావాలంటే రేపటికి ఇస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి షేడక్కకు వారానికి ఆరు రోజులున్న పని మూడు రోజులకు దిగింది. యజమాని మొహం చెల్లక ఆమె బల్ల వైపు రావడమే మానుకున్నాడు.

అప్పుడే వేరే రాష్ట్రం నుంచి కబురొచ్చింది. రైల్లో పదకొండు గంటల దూరం. పెద్ద దంతాల ఆసుపత్రి, దానికి సొంత ల్యాబు. ముందు పళ్ళు మాత్రం చేత్తోనే చేయించాలన్నది అక్కడి పెద్ద డాక్టరు పట్టుదల. పింగాణీ విభాగం మొత్తానికీ ఇన్‌ఛార్జిగా రమ్మన్నారు. వెనకవైపే క్వార్టర్సు, నడిచి వెళ్ళేంత దూరంలో స్కూలు. ఐదు నెలల తర్వాత స్కూళ్ళు తెరిచే రోజుకల్లా చేరితే చాలన్నారు. ఆమె ఆ ఉత్తరం చదువుకుని, చాలా రోజుల తర్వాత బల్ల దగ్గర కూనిరాగం తీసింది.

పిల్లను అందరూ పిచ్చుక అంటారు. తొమ్మిదేళ్ళు. కూర్చున్న చోట కూర్చోదు, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. కొత్త ఊరు సంగతి చెప్తే ఎగిరి గంతేసింది. వస్తానమ్మా, నాకు వేరే గది ఉంటుందా, కిటికీ ఉంటుందా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. దాంతో తల్లికి సగం బరువు దిగింది. మిగతా సగం పిల్ల తండ్రి.

ఆయన లిఫ్టుల మెకానిక్. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా మొదట ఫోనొచ్చేది ఆయనకే. లోపల ఇరుక్కున్నవాళ్ళతో తలుపు బయట నుంచి మాట్లాడుతూ, నెమ్మదిగా, కంగారు లేకుండా పని చేసుకుపోయే మనిషి. ఆ నిదానమే పెళ్ళయిన కొత్తలో ఆమెకు నచ్చింది. ఆ నిదానంతోనే తొమ్మిదేళ్ళకు మించి కాపురం చేయలేకపోయింది. కాపురంలో ఇద్దరూ ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకునేవారు. విడిపోయాక ఆమె మీరు అనడం మొదలుపెట్టింది. ఎన్ని తిట్లు తిట్టినా అంత దూరం జరిగి ఉండేవాడు కాదాయన.

శుక్రవారం సాయంత్రం తనూ స్కూలు గేటు దగ్గరికి వెళ్ళి ఆయనకు ఉద్యోగం సంగతి చెప్పింది. ఆయన పూర్తిగా విని, పిల్ల బ్యాగు భుజాన వేసుకుని, "చూద్దాం" అన్నాడు.

పై శుక్రవారం అడిగింది. చూద్దాం. ఆ పైవారం ఫోన్ చేసింది. ఏదో బిల్డింగులో పని మీద ఉన్నాను, చూద్దాం అన్నాడు. కాదంటే కాదని చెప్పమంది. కాదని ఎక్కడన్నాను అన్నాడు. అయితే ఔనా అంది. చూద్దామన్నానుగా అన్నాడు. ఆమెకు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఫోను తనది కాబట్టి కొట్టలేదు. అక్కకు ఫోన్ చేసి ఆ కసి అంతా తీర్చుకుంది. అక్క అన్నీ విని, ఆ గోడ కట్టించింది నువ్వేగా, ఇప్పుడు దూకలేక నా బుర్ర తింటున్నావు అంది. ఆ తర్వాత వారం రోజులు అక్కతో మాటల్లేవు.

తర్వాత ఆయన, ఏం కావాలో రాసి ఇవ్వమన్నాడు. రాసి ఇచ్చింది. సెలవులన్నీ మీ దగ్గరే, ప్రతి సాయంత్రం వీడియో కాలు, మీరు ఎప్పుడు వచ్చినా సరే అని రెండు పేజీలు. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నెల దాటింది. ఉలుకూ పలుకూ లేదు. ఆఖరికి ఆమె లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. నాలుగేళ్ళ కిందట పదకొండో షరతు రాసింది కూడా ఆ లాయరమ్మే. పాత ఫైలు తెరిచి, ఆ పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు మీదనుంచి చూసింది. అనవలసినదేదో అనకుండా మింగేసిందని షేడక్కకు అర్థమైంది.

కోర్టులో మొదటి వాయిదాకు జడ్జిగారు సెలవు. రెండో వాయిదాకు పిల్ల తండ్రికి నోటీసు అందలేదు, చిరునామాలో ఫ్లాటు నంబరు లేదని వెనక్కొచ్చింది. ఆ ఫ్లాటు తలుపు ముందు ఆమె రెండు వారాలకోసారి పిల్ల మరిచిపోయిన పుస్తకమో బూటో పట్టుకుని నిలబడుతూనే ఉంది, కానీ నోటీసు ఆమె చేత్తో ఇవ్వడానికి లేదట. మూడో వాయిదా నాడు లాయర్లు విధులు బహిష్కరించారు. హాల్లో ఇనప కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉండేవి. చివరి కుర్చీలో ఎవరు కాలు ఊపినా వరసంతా ఊగేది. పొద్దున పదింటికి వచ్చి, మధ్యాహ్నం మూడింటికి పేరు పిలిస్తే లోపలికి పోయి, రెండు నిమిషాల్లో కొత్త తేదీతో బయటికి రావడం. ఆ తేదీల కోసం ఉన్న మూడు పని దినాల్లోనూ సెలవు పెట్టవలసి వచ్చేది. పనే లేని ల్యాబులో సెలవు అడగడమంత అవమానం మరొకటి లేదనుకుంది.

నోటీసు అందాక ఆయన ప్రతి వాయిదాకూ వచ్చేవాడు. రెండు వరసల అవతల, గ్రీజు పోని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన వైపు చూడకూడదని ఆమె గోడ మీది నోటీసులన్నీ కంఠతా పట్టేసింది.

నాలుగో వాయిదా నాడు జడ్జిగారు ఫైలు తిరగేసి, పిల్లతో మాట్లాడి నివేదిక ఇవ్వమని కౌన్సిలర్‌ను వేశారు. కౌన్సిలర్ పెద్దావిడ, గొంతు మెత్తన. రెండు ఇళ్ళకూ వచ్చింది. షేడక్క ఇంట్లో పిల్ల మంచం, పుస్తకాల అర చూసింది. పిచ్చుకతో విడిగా గంటసేపు మాట్లాడింది. ఆ గంటా తల్లి వంటింట్లో ఉన్న గిన్నెలే మళ్ళీ తోమింది. ఆమెకు భయం లేదు. పిల్ల వస్తానంది. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ అంది.

ఈలోగా స్కూళ్ళు తెరిచే రోజు వచ్చేసింది. కొత్త ల్యాబుకు ఫోన్ చేసి నెల గడువు అడిగింది. ఇచ్చారు. పిచ్చుక పాత స్కూల్లోనే పై తరగతిలో కూర్చుంది. మళ్ళీ పదిహేను రోజులు అడిగింది. ఇచ్చారు గానీ, అవతలి గొంతులో పెళుసుదనం వినపడింది.

నివేదిక చేతికొచ్చిన రోజు లాయరమ్మ ముందు తను చదివి, కాగితాలు ఇచ్చింది. షేడక్క కోర్టు వరండాలో నిలబడే చదివింది. రెండిళ్ళూ బాగున్నాయి. ఇద్దరూ మంచి తల్లిదండ్రులే. తల్లి ఉద్యోగ అవసరం నిజమే. మూడో పేజీలో పిల్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశారు.

"అమ్మ అడిగితే వస్తానంటాను. నాన్న అడిగితే ఇక్కడే ఉంటానంటాను. మీరు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు ఆంటీ."

ఆమె ఆ మూడు వాక్యాలూ చదివి కాగితం మడిచింది. మళ్ళీ విప్పి చదివింది.  లాయరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. ఆమె వినిపించుకోకుండా మెట్లు దిగిపోయింది. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. ముందు కౌన్సిలర్ మీద, తర్వాత ఆయన మీద, ఇల్లు దగ్గరపడేకొద్దీ పిల్ల మీద. అది తన వారమే.

స్కూలు నుంచి వచ్చిన పిచ్చుక బూట్లు విప్పుకుంటూ ఏదో కబురు మొదలుపెట్టింది. తల్లి మధ్యలోనే ఆపేసింది.

"నాకు వస్తానని చెప్పి, నాన్నకి ఉంటానని చెప్పావా? ఇద్దరికీ అబద్ధం చెప్తావా నువ్వు?"

పిల్ల చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. ఆమె ఆగలేదు. నీ కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నాను, ఉద్యోగం పీకల మీదికొచ్చింది, నువ్వు ఆటలాడుతున్నావా అని నాలుగేళ్ళలో ఎన్నడూ లేవనంతగా గొంతు లేచింది. అంతా అయ్యాక పిల్ల చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి ఇప్పుడేం చెప్పాలమ్మా?"

ఆ అడగడంలో మొండితనం లేదు, ఏడుపు కూడా లేదు. చెప్తే అలాగే చెప్పడానికి సిద్ధంగా నిలబడి ఉంది. షేడక్క చెయ్యి చాపింది. దగ్గరికి తీసుకోబోతే వచ్చింది గానీ, కట్టెలా వచ్చింది.  కూర్చున్న చోట కూర్చోని పిల్ల, ఆ సాయంత్రం మంచం అంచున రెండు గంటలు కదలకుండా కూర్చుని హోంవర్కు చేసుకుంది.

మర్నాడు ఆమెకు పని లేని రోజు. పిల్లను స్కూల్లో దింపి, ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి, ఫలానా ఆఫీసుల బిల్డింగులో ఉన్నాడని తెలుసుకుని వెళ్ళింది. కింద వాచ్‌మన్, మెకానిక్ పైన మోటారు గదిలో ఉన్నాడనీ, మరమ్మతు కాబట్టి లిఫ్టు ఆపేశారనీ చెప్పాడు. తొమ్మిది అంతస్తులు. నాలుగో అంతస్తు దాకా అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది. ఏడో అంతస్తుకల్లా సగం మరిచిపోయింది. పైకి చేరేసరికి ఆయాసం తప్ప ఏమీ మిగల్లేదు.

మోటారు గదిలో నూనె వాసన. ఆయన ఉక్కు తాళ్ళ దగ్గర వంగి ఉన్నాడు. తలెత్తి చూసి లేచి నిలబడ్డాడు. పిల్లకేమైంది అన్నాడు.

"పిల్లకేం కాలేదు. నీ లిఫ్టు ఆపేసి నన్ను తొమ్మిది అంతస్తులు ఎక్కించావు. ముందు కూర్చోనీ."

నాలుగేళ్ళ తర్వాత నోట్లోంచి నువ్వు అని వచ్చేసింది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టు ఊరుకున్నారు. ఆయన పనిముట్ల పెట్టె బోర్లించి, గుడ్డ పరిచి, నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆమె తాగి, నివేదిక చదివావా అంది. నాలుగుసార్లు చదివానన్నాడు.

"ఔననో కాదనో మొదట్లోనే ఒక్క మాట అని ఉంటే, అది ఇలా ఇద్దరి మధ్యా నలిగేది కాదు."

"కాదంటే నువ్వు పోట్లాడతావు. ఔనంటే అది వెళ్ళిపోతుంది. రెండూ నాకు చేత కాలేదు."

"అందుకని ఇన్ని నెలలు నానబెడతావా?"

ఆయన గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూస్తుంటే ఆమెకు మళ్ళీ ఒళ్ళు మండింది. అప్పుడు ఆయన, ఎప్పుడో అనవలసిన సంగతి, ఎవరి మీదా నేరం మోపనట్టు చెప్పాడు. నాలుగేళ్ళ కిందట వచ్చిన పిలుపు కొత్త లిఫ్టులు బిగించే కంపెనీది. పిల్లను వదిలి వెళ్ళలేక మానుకున్నాడు. తనతో పాటు ఎంపికైనవాడు వెళ్ళాడు. ఇప్పుడతను నలభైమంది మీద సూపర్‌వైజరు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఇంకా గ్రీజులోనే ఉన్నావా అంటుంటాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"అడగలేదుగా."

 క్షమించమనడం ఆమెకు రాదు, ఆయనకు అది తెలుసు. సీసా మూత బిగించి, "అప్పుడు నాకు భయమేసింది" అంది.

"నాకు ఇప్పుడేస్తోంది," అన్నాడు.

ఆ తర్వాత మాటలు గట్టిగానే జరిగాయి. రెండుసార్లు ఆమె లేచి వెళ్ళిపోబోయింది. తొమ్మిది అంతస్తులు గుర్తొచ్చి కూర్చుంది. కింద నుంచి లిఫ్టు ఎప్పటికవుతుందని మూడుసార్లు ఫోనొచ్చింది. చివరికి సర్వీసు చీటీ వెనకవైపు ఆయన పెన్సిలుతో రాశాడు. పిల్ల ఈ చదువు సంవత్సరం ఇక్కడే, తండ్రి దగ్గర పూర్తి చేస్తుంది. తల్లి ముందుగా వెళ్ళి ఉద్యోగంలో చేరుతుంది, రెండు వారాలకోసారి శనాదివారాలు వస్తుంది. మధ్యలో వచ్చే సెలవులు పిల్ల ఆమె దగ్గర గడుపుతుంది. ఆ ఊరూ ఆ స్కూలూ చూశాక, వచ్చే ఏడు నుంచి అక్కడ చదువు, సెలవులకు ఇక్కడ. అప్పటిదాకా ఎటు వస్తావని దాన్ని ఎవరూ అడగకూడదు. ఆ ఆఖరి వాక్యం ఆమె చెప్పింది. ఆయన కింద గీత గీశాడు.

పిల్లను వారం వదిలి ఉండడానికే కష్టపడే మనిషి, ఒక ఏడాది వదిలి వెళ్ళడానికి తనే ఒప్పుకుంది. మెట్లు దిగుతుంటే ఆ సంగతి ఒక్కో అంతస్తు దగ్గరా కొత్తగా తెలిసొచ్చింది. గెలిచినట్టూ లేదు, ఓడినట్టూ లేదు. ఒళ్ళంతా చిరాగ్గా ఉంది.

ఇద్దరూ ఒప్పుకున్న కాగితాన్ని కోర్టు నమోదు చేసుకోవడానికి మరో రెండు వాయిదాలు పట్టాయి. ఆఖరి రోజు జడ్జిగారు చీటీలోని సంగతులన్నీ చదివి, ఇంత చక్కగా మాట్లాడుకోగలిగినవాళ్ళు ఇక్కడిదాకా ఎందుకొచ్చారమ్మా అన్నారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. లాయరమ్మ చెయ్యి నొక్కి పట్టుకోబట్టి ఊరుకుంది.

ఆ రెండు వాయిదాల్లో అవతల జరగవలసింది జరిగిపోయింది. కొత్త ల్యాబువాళ్ళు ఇన్‌ఛార్జిగా వేరే అమ్మాయిని వేసుకున్నారు. షేడక్క కంటే పదేళ్ళు చిన్నది. పింగాణీ బల్ల మాత్రం ఖాళీగా ఉంది, వస్తే ఆ అమ్మాయి కింద పని చేయాలన్నారు. ఆమె ఒక రోజు గడువు అడిగింది. మర్నాడు వస్తున్నానని చెప్పింది. ఇక్కడ మిషన్ ఇంకో రోజు కూడా మింగేసి, వారానికి రెండు రోజులే మిగిల్చింది మరి.

వెళ్ళే రోజు పిల్లను వదిలేసి పోతోందని ఊళ్ళో తెలిసినవాళ్ళు మొహం మీద అనకపోయినా, అననిదంతా వినపడింది. అక్క మాత్రం స్టేషనుకు వచ్చి, పెట్టె లోపలికి తోసి, జాగ్రత్త అని ఒక్క మాట అంది. తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిచ్చుక, ఎన్ని గంటలకు చేరతావు, కిటికీ పక్కన సీటేనా అని అడిగింది. ప్రశ్నలు మళ్ళీ వస్తున్నాయి. అది చాలనుకుంది ఆమె. చాలదని రైలు కదిలాక తెలిసింది.

కొత్త చోట పని బాగుంది. చిన్న ఇన్‌ఛార్జి మొదటి వారం పెత్తనం చేయబోయి, రెండో వారం రంగు తేలని పళ్ళు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. గది ఇరుకు. రెండు వారాలకోసారి శుక్రవారం రైలెక్కడం, శనివారం పొద్దున దిగడం, ఆదివారం మళ్ళీ ఎక్కడం. నడుం పట్టేసేది. అక్కింట్లో పిల్లతో ఒక రాత్రి. మాట్లాడుకోవలసినవన్నీ ఆదివారం స్టేషనుకు బయల్దేరే ముందే గుర్తొచ్చేవి.

ఆరోసారో ఏడోసారో వెళ్ళవలసిన వారం, బుధవారం సాయంత్రం ఫోన్‌లో పిచ్చుక కాసేపు నీళ్ళు నమిలింది. తర్వాత గబగబా చెప్పేసింది.

"అమ్మా, ఈ శనివారం రావద్దు. మా ఫ్రెండు వాళ్ళింట్లో అందరం ఉండిపోతున్నాం."

ఆమెకు చివుక్కుమంది. టికెట్ తీసి వారమైంది. ఆ రెండు రోజుల కోసం చిన్న ఇన్‌ఛార్జిని ఎంత బతిమాలిందో పిల్లకేం తెలుసు. నాన్న చెప్పమన్నాడా అని అడిగేసింది, అడగకూడదని తెలిసి కూడా.

"లేదు. నాన్నకింకా చెప్పలేదు. నాకే వెళ్ళాలనుంది."

 సరే అనడానికి తల్లికి కొంత సమయం పట్టింది. అనేసింది. సంతోషంగా అనలేదు, ఆ సంతోషం లేకపోవడాన్ని దాచనూ లేదు. కోపమొచ్చిందా అని పిల్ల అడిగితే, వచ్చింది, పోతుందిలే, వెళ్ళు అంది. పిచ్చుక ఇంకేమీ సర్దిచెప్పలేదు. అక్కడికి ఏం బట్టలు తీసుకెళ్తుందో, ఎవరెవరు వస్తున్నారో పావుగంట చెప్పుకుపోయింది.

ఫోన్ పెట్టేశాక ఆమె టికెట్ రద్దు చేసుకుంది. శనివారం ల్యాబుకే వెళ్ళింది. ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చింది. ఆదివారం సాయంత్రం దాకా ఆ చిరాకు తగ్గలేదు. పై శుక్రవారానికి మళ్ళీ టికెట్ తీసింది. ఈసారి ముందుగా పిల్లను అడిగి తీసింది.